వంటింటి సందేహాలు: కారం రంగు పోతోంది, ధనియాల్లో పురుగు పడుతోంది

ప్రశ్న: మాది మణికొండలో అద్దె ఫ్లాట్, కిచెన్ మరీ చిన్నది. కారం, పసుపు, ధనియాల పొడి, పోపుల డబ్బా అన్నీ పొయ్యి పక్కనే గట్టు మీద పెట్టుకుంటా, చేతికి అందాలి కదా అని. రెండు నెలలు తిరిగేసరికి కారం ఇటుక రంగుకి వచ్చేస్తోంది, జీలకర్రకి వాసనే ఉండట్లేదు. ఇప్పుడు అన్నీ ఒకే సైజు గాజు సీసాలు కొని పొయ్యి పైన గోడకి ర్యాక్ కొట్టిద్దామనుకుంటున్నా, బాగుంటుందా?
– ఒక గృహిణి, మణికొండ

జవాబు: సీసాలు కొనండమ్మా, ర్యాక్ మాత్రం అక్కడ వద్దు. గోడకి మేకులు కొడితే ఓనరు ఏమంటాడన్నది పక్కన పెట్టండి, పొయ్యి పైన అంటే రోజుకి మూడుపూటలా ఆవిరి, వేడి, నూనె జిడ్డు, అన్నీ నేరుగా వెళ్లి ఆ సీసాలకే తగులుతాయి. కారానికి ఎరుపునిచ్చే పదార్థం వెలుతురుకి, గాలికి, వేడికి విరిగిపోతుంది, పసుపుకైతే వెలుతురంటే అసలు పడదు. గుంటూరులో మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టేది ఊరికే కాదు, రంగు నిలబడాలని కూడా. జీలకర్ర వాసన అంటారా, అది గింజలో ఉండే నూనెది, వేడి తగిలే కొద్దీ ఎగిరిపోతుంది.

మరి ఎక్కడ పెట్టాలంటే, పొయ్యికి ఎదురు గోడన ఉన్న అల్మారా, లేదంటే గట్టు కింద డ్రాయరు. డ్రాయర్లో అయితే పేరు మూత మీద రాయండి, సీసా పక్కన రాస్తే పైనుంచి కనపడక ఒక్కోటీ ఎత్తి చూసుకోవాలి. ఫ్రిజ్ పైన, చిమ్నీ పక్క అర ఖాళీగా ఉన్నాయి కదా అని సర్దేస్తారు చాలామంది, ఆ రెండూ వేడి చోట్లే. చీకటి అల్మారా అయితే గాజైనా స్టీలైనా ఒకటే, మూత బిగుతుగా ఉంటే చాలు.

పోపుల డబ్బా సంగతి వేరు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు లాంటివి గింజలు కాబట్టి పొయ్యి వేడికి దూరంగా ఉంటే తట్టుకుంటాయి, పసుపు, కారం గిన్నెలే తేడా చేస్తాయి. ఆ రెండూ వారానికి సరిపడా పోసుకోండి, అంతకుమించి వద్దు. ఇంకోటి, ఉడుకుతున్న పప్పు మీద సీసా వంచి కారం చల్లే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి, ఆ ఆవిరంతా సీసాలోకే పోయి గడ్డలు కడుతుంది. పొడి చెంచాతో గిన్నెలోకి తీసుకుని వేసుకోవాలి. పాత కారం మీద కొత్త కారం పోయటం కూడా వద్దు, అడుగున ఉన్నది ఏ కాలందో ఎవరికీ తెలీకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది.

ప్రశ్న: మా అమ్మ ప్రతి ఎండాకాలం గిర్నీల కారం, పసుపు, ధనియాల పొడి పట్టించి ఏడాదికి సరిపోను పంపుతది. వానలు పడంగనే ధనియాల పొడిల చిన్న చిన్న ఎర్ర పురుగులు తిరుగుతున్నయ్. కారంల గూడ కనవడ్డయ్. అమ్మకు చెప్పలేను, పారెయ్యలేను. ఏం జేయాలె?
– మలక్‌పేట నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మకి చెప్పక్కర్లేదు, అమ్మ తప్పేం లేదు. ఎర్రగోధుమ రంగులో నువ్వుగింజంత కూడా ఉండదు ఆ పురుగు, ధనియాలే కాదు, కారం, పసుపు కూడా తింటుంది, ఘాటంటే దానికి లెక్కే లేదు. పల్చటి ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె కొరుక్కుని లోపలికి పోతుంది కూడా. సాధారణంగా గుడ్లు ముడిసరుకుతోనో అంతకుముందు పాతబడ్డ డబ్బాతోనో వస్తాయి, మన హైదరాబాద్ వానాకాలం తేమలో పెరుగుతాయి.

వచ్చే ఏడాదికి చెప్తున్నా. గిర్నీ నుంచి పిండి వేడివేడిగా వస్తుంది కదా, అట్లాగే డబ్బాలో కుక్కి మూతపెడితే లోపల చెమ్మ పడుతుంది, అందుకని వెడల్పాటి పళ్లెంలో నీడన పూర్తిగా చల్లారనివ్వాలి. తర్వాత అరకిలో చొప్పున మందపాటి జిప్ కవర్లలో గాలి తీసేసి కట్టి ఒక వారం డీప్ ఫ్రీజర్లో పెట్టండి, పురుగూ గుడ్లూ చస్తాయి. తీసిన వెంటనే మాత్రం విప్పకండి, బయట నీళ్లు పట్టి పిండి తడుస్తుంది, రూమ్ వేడికి వచ్చాకే విప్పాలి. ఒక్క ప్యాకెట్టే వాడకానికి తీసుకుని మిగతావి ఫ్రిజ్‌లోనే ఉంచితే ఇంకా మంచిది, కారం రంగు నిలబడుతుంది. ధనియాలైతే నా సలహా అసలు పొడి పట్టించొద్దు, గింజలుగా తెప్పించుకోండి, నెలకోసారి దోరగా వేయించి మిక్సీలో తిప్పుకుంటే అయిదు నిమిషాల పని, ఆ వాసన ఏడాది పొడికి ఎక్కడిది!

ఇక ఇప్పుడున్న దాని సంగతి. రెండు మూడు పురుగులు కనపడితే జల్లెడ పట్టి ఎండలో పెట్టి వాడుకునేవాళ్లు ఉన్నారు, నేను ఆ సలహా ఇవ్వను, లోపల దాని రెట్ట ఉంటుంది. అదే బూజు వాసన వచ్చినా, గడ్డకట్టి లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్నా రెండో ఆలోచన లేకుండా పారేయాల్సిందే, కొన్ని బూజులు వదిలే విషం వేయించినా పోదు. కారంలో ఇంగువ ముక్క, కల్లుప్పు వేస్తే పురుగు రాదంటారు పెద్దవాళ్లు, వేసుకోండి నష్టం లేదు, కానీ తడి చెంచా పెడితే ఏ ఇంగువా కాపాడదు. డబ్బా కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే మళ్లీ నింపండి, మూత మర వరసల్లో పాత పిండి ఉండిపోతుంది, అది చూసుకోండి.

ప్రశ్న: బ్యాచిలర్స్‌మి, గచ్చిబౌలిలో ఉంటాం. బిర్యానీ చేద్దామని బేగంబజార్ వెళ్లి లవంగాలు, యాలకులు, అనాసపువ్వు, మరాఠీ మొగ్గ, జాపత్రి, షాజీరా, రాతిపువ్వు అన్నీ వంద గ్రాముల చొప్పున తెచ్చాం. బిర్యానీ ఒక్కసారే చేశాం. మిగతావి ఎన్నాళ్లు ఉంటాయి? గరం మసాలా పొడి చేసి పెట్టేయమంటారా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: వంద గ్రాముల రాతిపువ్వు! ఎంత తేలికో కదా తమ్ముడూ, కవరు నిండా వచ్చుంటుంది, మీ పెళ్లి భోజనాల దాకా వస్తుంది. హోల్‌సేల్ కొట్లో తక్కువ అడగటానికి మొహమాటం, ధర చూస్తే ఆశ, అందరికీ అయ్యేదే ఇది.

పొడి మాత్రం చేయకండి. లవంగాలు, మిరియాలు, చెక్క, అనాసపువ్వు గింజగా, మొగ్గగా ఉన్నంతకాలం గాలి దూరకపోతే రెండు మూడేళ్లు హాయిగా ఉంటాయి, పొడి చేస్తే రెండు మూడు నెలలకే వాసన సగమైపోతుంది. యాలకులు తొక్కతోనే ఉంచండి, ఒలిచి పెడితే త్వరగా పోతాయి. లవంగాలు చవక ప్లాస్టిక్ డబ్బాలో వద్దు, వాటి నూనెకి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడతాయి, గాజే మేలు. గసగసాలు కూడా తెచ్చుంటే ఫ్రిజ్‌లో పెట్టండి, నూనె గింజ కదా, బయట ఉంటే ముక్కవాసన వస్తుంది.

మన పాతబస్తీ నిహారీలో పొట్లీ మసాలా వేస్తారు కదా, సుగంధాలన్నీ గుడ్డలో మూటకట్టి. ఆ పద్ధతి కొంచెం మార్చి, కిలో బిర్యానీకి పట్టే దినుసులు ఒక్కో చిన్న కవర్లో సెట్లుగా కట్టుకోండి, అన్నీ కలిపి ఒకే సీసాలో. తర్వాత బిర్యానీ అనుకున్న రోజు ఒక కవరు తీయటమే, ఏడు డబ్బాలు వెతకక్కర్లేదు. ఇంకా మిగిలితే పక్క ఫ్లాట్‌లో పంచండి. పాతబడ్డాయా అని డౌటొస్తే రెండు అరచేతుల్లో నలిపి చూడండి, వాసన ముక్కుకి రాకపోతే కూరలోకీ రాదు.

ప్రశ్న: డబ్బాలన్నిటికీ ఇంగ్లీషులో లేబుల్స్ ప్రింట్ చేసి అక్షరాల వరసలో సర్దాను. మా అత్తయ్య రోజూ మార్చేస్తున్నారు. ఎలా చెప్పాలి?
– ఒక కోడలు, కొత్తపేట

జవాబు: చెప్పకమ్మా. ఆవిడ చెయ్యి చోటుని బట్టి పోతుంది, పేరుని బట్టి కాదు. అక్షరాల వరసలో పెడితే ఆవాలు ఒక మూల, పోపులో దాని పక్కనే ఉండాల్సిన జీలకర్ర ఇంకో మూల. ఎవరు ఎక్కువ వండుతారో వాళ్ల వరస ఉండనివ్వు, రోజూ వాడేవి ముందు, పండగ దినుసులు వెనక. నీ లేబుల్ మెషీన్‌కి పని కావాలంటే డబ్బా అడుగున కొన్న తేదీ అంటించు, అది ఇద్దరికీ పనికొస్తుంది.

ప్రశ్న: ఇంగువ వాసన అల్మారా అంతా పట్టేసింది, టీ పొడిలో కూడా వస్తోంది.
– సికింద్రాబాద్ నుంచి

జవాబు: ఇంగువ డబ్బాని ఇంకో గాజు సీసాలో పెట్టి మూత బిగించి, టీ పొడి, యాలకులు ఉన్న అరకి దూరంగా మార్చండి. డబ్బా మీద చదవండి, కొట్లో దొరికేది ఎక్కువగా గోధుమపిండో మైదానో బియ్యప్పిండో, జిగురో కలిపిన ఇంగువే, కాబట్టి గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే అది కూడా చూసుకోవాలి. అల్మారా వెనిగర్ నీళ్లతో తుడిచి ఒకరోజు తెరిచి ఉంచండి. ఆ టీ పొడి మాత్రం ఇక పోయినట్టే, కొత్తది తెచ్చుకోండి.