పాత ఆసిలోస్కోపులో కెపాసిటర్లన్నీ మార్చాలా?

విద్యుత్ సంకేతాల ఆకారాన్ని తెరపై చూపే పరికరం ఆసిలోస్కోపు. పాతది చేతికి రాగానే అందులోని కెపాసిటర్లన్నిటినీ (విద్యుత్ చార్జిని నిల్వచేసే భాగాలను) మార్చవలసిన అవసరం లేదు. వయసుతో ఎక్కువగా చెడిపోయేవి ఎలక్ట్రోలిటిక్, కాగితపు కెపాసిటర్లు. మొదటి రకంలో ఎలక్ట్రోలైట్ ఎండిపోయి అంతర్గత నిరోధం పెరుగుతుంది. రెండో రకంలోకి తేమ చేరి కరెంటు లీకవుతుంది. మైకా, సిరామిక్ కెపాసిటర్లు సాధారణంగా దశాబ్దాల తరబడి నిలుస్తాయి. పైగా క్యాలిబ్రేషన్ (కొలతలు సరిగ్గా చూపేలా చేసిన సర్దుబాటు) చాలాచోట్ల వాటి విలువలపైనే ఆధారపడి ఉంటుంది కాబట్టి, లోపం రుజువైతే తప్ప వాటిని కదపకూడదు.

సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకొని, పవర్ సప్లై వోల్టేజీలను, వాటిపై ఉన్న రిపుల్‌ను (డీసీలో మిగిలిపోయిన ఏసీ హెచ్చుతగ్గులను) కొలిచి, హద్దు దాటిన చోటనే మార్పు మొదలుపెట్టాలి. కొత్త ఎలక్ట్రోలిటిక్‌కు అదే కెపాసిటెన్స్, సమానమైన లేదా ఎక్కువ వోల్టేజీ రేటింగు ఉండాలి. 105 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునే రకమైతే మేలు. పని మొదలుపెట్టే ముందు ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లలో మిగిలిన చార్జిని రెసిస్టర్ ద్వారా దింపి, మీటరుతో సరిచూసుకోవడం తప్పనిసరి.

టెక్‌ట్రానిక్స్ కంపెనీ 500 శ్రేణి వాల్వు (వాక్యూమ్ ట్యూబు) ఆసిలోస్కోపులలో మరొక జాగ్రత్త అవసరం. వాటిలో భాగాలను సోల్డర్ చేసే సిరామిక్ పట్టీల గాడులకు వెండి పూత ఉంటుంది. మామూలు సోల్డర్‌ను పదేపదే వాడితే అది ఆ వెండిని తనలో కరిగించుకొని పూతను ఊడదీస్తుంది. అందుకే వెండి కలిసిన సోల్డర్‌నే వాడాలి. తయారీదారులు దానిని చిన్న చుట్టగా పరికరం లోపలే ఉంచి పంపేవారు.