నక్కవాగు పూడిక మన్ను పొలానికి తోలుకోవచ్చా?

ప్రశ్న: సార్ మాది పటాన్‌చెరు దిగువన నక్కవాగు ఒడ్డు ఊరు. రెండెకరాల వరి, రెండు బర్లు ఉన్నయి. ఒకప్పుడు వాగు నల్లగా వాసనతో పారేది, ఇప్పుడు నీళ్లు తేటగనే కనబడుతున్నయి. మోటర్ పెట్టి వరికి పారించొచ్చా? వాగుల పూడిక మన్ను తోలుకుంటే బలమంటున్నరు, నిజమేనా? జిప్సం వేస్తే విషం పోతదా?

జవాబు: అన్నా, ముందు మన్ను సంగతే చెప్త, దాన్ని మాత్రం తోలకండి. మిషన్ కాకతీయ టైంలో చెరువు మన్ను తోలుకోమని మేమే ఊరూరా చెప్పినం, మామూలు చెరువులకు అది ఇప్పటికీ కరెక్టే. కానీ ఈ వాగు కథ వేరు, ఏండ్ల తరబడి పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు పారిన వాగు ఇది. పైన పారే నీళ్లు ఒక్క వానకు మారిపోతయ్, అడుగు బురద మారదు. ఆర్సెనిక్, సీసం, క్రోమియం లాంటివి సన్నటి బంకమట్టికి అంటుకుని ఏండ్ల తరబడి అట్లనే ఉంటయ్, మనం బలమనుకునే ఆ నల్లటి మెత్తటి ఒండ్రే వాటికి ఇల్లు. ఒకసారి పొలంలో కలిపి దున్నినంక మళ్లీ ఏరి తీయడం ఎవరితోనూ కాదు. ఇప్పటికే తోలిచ్చి కుప్పగా ఉంటే దున్నకుండా అట్లనే ఆపండి, ఏం చెయ్యాలో టెస్టు వచ్చినంక చూద్దాం.

నీళ్లు తేటగ ఉన్నయంటే బాగున్నయని కాదు, ఉప్పు కంటికి కనపడదు కదా. వాగు నీళ్లు, మీ బోరు నీళ్లు, పొలం మట్టి మూడూ వేరువేరుగా టెస్టు చేయించండి. లీటర్ ప్లాస్టిక్ బాటిల్‌ని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి అంచు దాకా నింపాలి, బోరైతే మోటర్ పదిహేను నిమిషాలు నడిచినంకనే పట్టాలి. మట్టికి తుప్పు పట్టిన గడ్డపార, జింకు బకెట్ వాడొద్దు, వాటి లోహమే రిపోర్టులో కనిపిస్తది. ఇంకోటి, సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలే ఉంటయ్, అందులో ఆర్సెనిక్, సీసం లేవు, లోహాల టెస్టు కావాలని ల్యాబ్‌లో విడిగా అడగాలి. నీటి ఈసీ, అంటే నీళ్లలో ఎంత ఉప్పుందో చెప్పే లెక్క, మీటరుకు 3 డెసీసీమెన్స్ (రిపోర్టులో dS/m) దాటితే వరికి పారించే ఆలోచన మానుకోండి. ఆర్సెనిక్ లీటరుకు 0.1 మిల్లీగ్రామ్ మించినా అంతే, మడిలో నీళ్లు నిలబెడితే మట్టిలోని ఆర్సెనిక్ వదులై వరి వేర్లకు ఇంకా ఈజీగా అందుతది.

జిప్సం విషానికి మందు కాదన్నా. అది చౌడుకు, అంటే సోడియం ఎక్కువైన నేలకు. ఇంట్లోనే చూసుకోవచ్చు, గాజు గ్లాసులో వాన నీళ్లు పోసి ఎండిన మట్టిగడ్డ ఒకటి మెల్లగా వేసి కదపకుండా రాత్రంతా వదిలేయండి, తెల్లారి కూడా నీళ్లు పాలలెక్క మసకగ ఉంటే సోడియం అన్నట్టే, అప్పుడు ల్యాబ్ చెప్పిన డోసు జిప్సం వేసి మంచి నీళ్లతో ఉప్పు కిందికి దింపాలి. గట్ల మీద తెల్లటి పొర ఉండి గ్లాసులో నీళ్లు తేరుకుంటే అది వట్టి ఉప్పు, జిప్సం పైసలు దండగ, మంచి నీళ్లు, ఆ ఉప్పు నీళ్లు పొలం బయటికి పోయే కాలువ ఉంటే చాలు.

లోహాలు తేలితే పాలకూర, తోటకూర, ముల్లంగి జోలికి పోకండి, ఆకుల్లో, దుంపల్లో బాగా చేరతయ్. పత్తి, చామంతి లాంటివి నయం. బర్లను వాగులోకి తోలొద్దు, ఒడ్డు గడ్డి కోసి వేయొద్దు, పొదుగు కూడా ఆ నీళ్లతో కడగకండి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాసిండ్రు, మనిషి మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అట్లాంటి నీళ్లలో మందులకు లొంగని బ్యాక్టీరియా తయారైతది. ఆ లెక్క అప్పటిదే, కానీ బురద పాతదే కదా.

ఇక వాగు బాగుచేత ఒక్క రైతుతో అయ్యే పని కాదు. 1990లోనే ఈ ప్రాంత కాలుష్యం సుప్రీం కోర్టుకెళ్లింది, అంత పాత గొడవ ఇది. వరస మాత్రం తప్పొద్దు: ముందు పైనుంచి వచ్చే వ్యర్థాలు ఆగాలి, తర్వాత బురద ఎక్కడ ఎంత లోతుందో శాంపిళ్లతో గుర్తించాలి, ఆ తర్వాతే తీసి ప్రమాదకర వ్యర్థాల కోసం కట్టిన చోటికే పంపాలి. ఇవేం చెయ్యకుండా జేసీబీ దింపితే అడుగున పడుకున్నదంతా లేచి మంజీర దాకా పోతది. పంచాయతీ తీర్మానంతో కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టి, మీ ముందే శాంపిల్ తీయమని అడగండి.

బాటిళ్ల మీద తేదీ, చోటు, వాన పడి ఎన్ని రోజులైందో రాయండి. ఒకటి ఎండాకాలంలో, ఒకటి వానలు తగ్గినంక పట్టండి, ఒక్క రిపోర్టుతో నాట్లు డిసైడ్ చెయ్యకండి.