లారీ టైరు ఒక పక్కే అరిగింది, నడపొచ్చా?

అన్నా, బయటి వైపు గాడి బాగానే ఉంది, లోపలి అంచు మాత్రం నున్నగా అయింది, నడపొచ్చా అని అడిగారు కదా. నన్నడిగితే వద్దు. బాగున్న చోట గాడి లోతు కొలిచి లాభం లేదు, బాగా అరిగిన చోటే కొలవాలి. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అని గానీ చిన్న త్రికోణం గానీ ఉంటుంది, దానికి నేరుగా పైన గాడి అడుగున చిన్న రబ్బరు గట్టు కనబడుతుంది. ట్రెడ్ (రోడ్డుకు తగిలే రబ్బరు) అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. భారత్‌లో లారీకి కనీసం 1.6 మి.మీ. లోతు ఉండాలి. డెప్త్ గేజ్ (గాడి లోతు కొలిచే పరికరం) సూదిని ఆ గట్టు మీద మాత్రం పెట్టకండి, లెక్క తప్పుతుంది. లోపలి తీగ బయటపడినా, పక్కన ఉబ్బినా, లోతు ఎంతున్నా తీసేయాల్సిందే. ఒక్క అంచే నున్నగా అయిందంటే నాకైతే అలైన్‌మెంట్ (చక్రాలు నేరుగా ఉండే అమరిక) మీదే అనుమానం, అది సరిచేయించకుండా కొత్త టైరు వేస్తే అదీ ఇలాగే పోతుంది.