కొత్త ట్రక్కు కొంటానంటున్న తమ్ముడికి

ప్రశ్న: అన్నా, టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి ఏడు నెలలైంది. మా ఆఫీసు పార్కింగులో సగం పికప్ ట్రక్కులే. ఈమధ్యే వచ్చిన మోడల్ ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. కొత్త ట్రక్కుల్లో ఇంజన్లు పోతున్నాయంటున్నారు. వారంటీ ఉంటుంది కదా, భయపడాలా?

జవాబు: "వారంటీ ఉంటుంది కదా" అని నేనూ అన్నాను తమ్ముడూ. మా ఆవిడ వద్దంటుంటే ఆమెకి క్లాసు కూడా పీకాను.

అప్పటికి నేను టెక్సాస్ వచ్చి రెండేళ్లు నిండలేదు. క్రెడిట్ హిస్టరీ అంతంతమాత్రం. డీలరు దగ్గర ఫైనాన్స్ గదిలో కూర్చున్నాయన కాఫీ ఇచ్చి ఒక్కటే అడిగాడు: "నెలకి ఎంతయితే కట్టగలవు?" వెయ్యి లోపు అన్నాను. అంతే, దొరికిపోయాను. 58,000 డాలర్ల లోను, 11 శాతం వడ్డీ, 84 నెలలు. నెలకి 993. చెప్పినట్టే వెయ్యి లోపు! వడ్డీయే పాతికవేల డాలర్లు దాటుతుందని ఇంటికొచ్చాక లెక్కేసుకున్నాను. ఊళ్లో చిట్టీ పాటకి పైసలతో సహా లెక్క చూసే మనిషిని, అక్కడ మాత్రం సంతకాలు పెట్టుకుంటూ పోయాను.

పదో నెలలో హ్యూస్టన్ దగ్గర పియర్‌లాండ్ మీనాక్షి గుడికని బయల్దేరాం. ఐ-45 హైవే మీద కోర్సికానా ఊరు దాటాక ఇంజన్లోంచి టకటకమని చప్పుడు, కాసేపటికి ఆయిల్ ప్రెషర్ లైటు. బండి పక్కకి తీసేసరికే ఆగిపోయింది. వెనక సీట్లో పులిహోర డబ్బా, పిల్లాడి ఏడుపు, ఆగస్టు ఎండ. ఏ కంపెనీ బండో అడగకు, చెప్పను.

వారంటీ కింద ఇంజన్ డబ్బులు తీసుకోకుండానే మార్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇంజన్ స్టాకులో లేదని తొమ్మిది వారాలు షెడ్డులోనే ఉంచారు. ఆ తొమ్మిది వారాల్లో రెండు కిస్తీలు కట్టాను, ఇన్సూరెన్సు కట్టాను, ఆఫీసుకెళ్లడానికి అద్దె కారుకి కట్టాను. బ్యాంకుకి నీ బండి ఎక్కడుంటే ఏం? విసుగొచ్చి అమ్మేద్దామని అడిగితే 42,000 ఇస్తామన్నారు. నా బాకీ ఇంకా 53,000 పైనే. అంటే బండి వదిలించుకోడానికి నేనే ఎదురు పదకొండు వేలివ్వాలి. నాన్న ఫోన్ చేస్తే "ట్రక్కు బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పాను.

ఇక నువ్వు విన్నది పుకారేం కాదు. టయోటా తన టండ్రా పికప్పులో పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ని తీసేసి, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో వీ6 పెట్టింది. తయారీలో మిగిలిన లోహపు రజను ఇంజన్ లోపలి మెయిన్ బేరింగుల్ని తినేస్తోందని 2024లో లక్షకు పైగా బళ్లు రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. 2022, 2023 మోడల్ టండ్రాలు అందులోవే. మరి పాతకాలపు వీ8 అయితే నిశ్చింత అనుకుంటావేమో, 2025లో జీఎం (జనరల్ మోటార్స్) తన 6.2 లీటర్ల వీ8 లోపల తిరిగే కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్ షాఫ్టు లోపాలతో దాదాపు 6 లక్షల బళ్లకి రీకాల్ ఇచ్చింది. పరీక్షలో తేలినవాటికి ఇంజన్ మార్పిడి, మిగతావాటికి కాస్త చిక్కటి ఆయిల్. అందుకే కొత్త ఇంజన్ వచ్చిన మొదటి ఏడు జనం నడిపి చూడనీ. ఆ పరీక్ష నీ జీతంతో ఎందుకు?

రూల్స్ సంగతి నువ్వే చూసుకో, చదువుకున్నవాడివి. ప్రతి బండికీ విడిగా ఉండే 17 అక్షరాల విన్ నంబరు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్లో కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ కొంటే తప్పక కొట్టు, రీకాల్ పని చేయించకుండానే పాత బండి అమ్మినా ఫెడరల్ చట్టం అడ్డుపడదు. ఆయిల్ ఎక్కడ మార్పించినా వారంటీ కోసం రసీదులు దాచు. మాటిమాటికీ చెడిపోయే కొత్త బళ్ల కోసం ఉన్న చట్టం, టెక్సాస్ లెమన్ లా, దాని వివరాలు డీఎంవీ (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) సైట్లో ఉంటాయి. దానికి గడువుంటుందని నాకు గడువు దాటాకే తెలిసింది.

నువ్వింకా హెచ్1బీ వీసా మీద ఉన్నట్టున్నావు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజులే. ఆ 60 రోజుల్లో ట్రక్కు షెడ్డులో ఉండి, బాకీ బండి విలువని మించిపోతే ఏం చేస్తావో కాగితం మీద రాసుకో. ఆరు నెలల కిస్తీలు విడిగా బ్యాంకులో ఉన్నాయా? నాకప్పుడు నెలన్నరకి సరిపడా కూడా లేవు. ఉంటే, 60 నెలలకి మించని లోను క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకులాంటిది) ముందే ఖాయం చేసుకుని, అప్పుడు డీలరు గడప తొక్కు. నెలకి ఎంత కట్టగలవని అడిగితే మాత్రం నోరు విప్పకు, మొత్తం ధర ఎంతో చెప్పమను.

నేను ఆ ట్రక్కుని ఏడేళ్లూ కట్టి తీర్చాను. మధ్యలో రెండు సంక్రాంతులకి ఇండియా మానుకున్నాం. ఇప్పుడు ఇల్లుంది, రెండు కార్లున్నాయి, రెండూ సెకండ్ హ్యాండే, అప్పు లేదు. ఆఫీసులో నవ్వుతారనుకుంటున్నావేమో, మీ వాళ్లలో ఎంతమంది ట్రక్కుల వెనక తొట్టిలో కిరాణా సంచులు తప్ప ఇంకేమైనా వేశారో ఒకసారి చూడు. సోఫానో మంచమో తెచ్చుకోవాలంటే హోమ్ డిపోలో ట్రక్కు గంటల లెక్కన అద్దెకిస్తారు. పోయిన నెల మా వాడి స్టడీ టేబులు అలాగే తెచ్చాం. వెనక తొట్టి తలుపు ఎలా తెరవాలో మా ఆవిడ గుర్తుచేయాల్సి వచ్చింది.