అంబారీ మోసిన ఏనుగు ఏ అడవిది?

చిరంజీవి యువ రచయిత్రికి,

ఆశీస్సులు. మైసూరు, కబిని నదీతీరం, బందీపూర్ అడవులను చుట్టివచ్చిన నీ మూడు రోజుల యాత్రావ్యాసం అందింది. నీ భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయితే నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టినవి మాత్రం ఆ వ్యాసంలోని రెండు వాక్యాలు. మొదటి రోజు ప్యాలెస్ వర్ణన ముగించి కబిని దారి పట్టినప్పుడు, ‘రాజవైభవాన్ని వెనక వదిలి మరో ప్రపంచంలోకి అడుగుపెట్టాం’ అన్నావు. ఆ సాయంత్రం పడవలోంచి ఒడ్డున మేస్తున్న ఏనుగుల మందను చూసి, ‘మనిషి చెయ్యి తగలని ప్రకృతి’ అన్నావు. ఈ రెండూ అందమైన వాక్యాలే, కాని రెండూ నిజం కావు. అందంగా ఉన్న అబద్ధాన్ని ముద్రణకు పోనివ్వకూడదని నమ్మి ఇన్నేళ్లు రాసినవాడిని కనుక ఊరుకోలేకపోతున్నాను.

నీవు వదిలివచ్చానన్న రాజవైభవంలోకే మళ్లీ ఒకసారి వెళ్దాం. 1897లో రాజకుమార్తె పెళ్లి వేడుకల సమయంలో పాత కొయ్య ప్యాలెస్ కాలిపోయింది. దాని స్థానంలో హెన్రీ ఇర్విన్ రూపకల్పన చేసిన ఇప్పటి ప్యాలెస్ 1912 నాటికి పూర్తయింది. ఇంతవరకు నీవు సరిగ్గానే రాశావు. ఆదివారం రాత్రి వెలిగే దాదాపు లక్ష దీపాల గురించి ఒక పేరా నిండా రాశావు. అయితే అంబావిలాస మందిరానికి వెళ్లే ఆ తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు? అది నల్లని రోజ్‌వుడ్ కలప, దానిలో పొదిగినది ఏనుగు దంతం. తల పైకెత్తితే కనిపించే చెక్కడపు పనిలో టేకు ఉంది. కల్యాణ మంటపం గోడల మీద దసరా ఊరేగింపు చిత్రాలున్నాయి, వాటి నిండా ఏనుగులున్నాయి. అంటే నీవు అడవిలోకి అడుగుపెట్టడానికి ఒక రోజు ముందే అడవి నీ చుట్టూ తలుపులై, కప్పులై, దంతపు నగిషీలై నిలబడి ఉంది. నీవు దాన్ని చూశావు, అది అడవి అని మాత్రం గుర్తించలేదు. రెండో రోజు నీవు వెళ్లింది మరో ప్రపంచంలోకి కాదు, అదే సంస్థానానికి చెందిన పెరట్లోకి వెళ్లావు.

కబిని ఒడ్డున కారాపురలో నీవు బస చేసిన అతిథిగృహం ఒకప్పుడు మహారాజు వేటకు వచ్చినప్పుడు దిగిన చోటు. నీ వ్యాసంలో ఆ సంగతి ‘బ్రిటిష్ కాలపు సొగసు’ అన్న మాటతో దాటిపోయింది. ఆ వరండాలో కూర్చుని టీ తాగినవాళ్లు ఏం చూడటానికి వచ్చేవారో తెలుసుకుని ఉంటే నీ వ్యాసం మొత్తం మారిపోయేది. వాళ్లు ఖెడ్డా చూడటానికి వచ్చేవారు. 1870ల్లో శాండర్సన్ అనే ఆంగ్లేయ అధికారి మైసూరు రాజ్యంలో స్థిరపరచిన ఏనుగులు పట్టే పద్ధతి అది. అడవి లోపలి నుంచి డప్పులతో, కాగడాలతో మందలను రోజుల తరబడి తోలుకొచ్చి, కాకనకోట దగ్గర కబిని నదిని దాటించి, బలమైన దుంగలతో కట్టిన దొడ్డిలోకి నెట్టేవారు. ఆ తరువాత మచ్చికైన కుంకీ ఏనుగులతో లోపలికి వెళ్లి ఒక్కొక్కదాన్నే విడదీసి తాళ్లతో కట్టేవారు. వైస్రాయిలకు, విదేశీ రాజకుటుంబీకులకు అదొక వినోదం. చివరి ఖెడ్డా 1971లో జరిగింది. మరుసటి ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.

ఇక నీ రెండో వాక్యం సంగతి. వేసవిలో నీవు చూసిన ఆ పచ్చని మైదానం కబిని జలాశయపు అడుగు. 1974లో ఆనకట్ట పూర్తయ్యాక కాకనకోట అడవిలో కొంత భాగం నీట మునిగింది. ఎండాకాలంలో నీరు వెనక్కు తగ్గినప్పుడు ఆ బురదనేల మీద లేత గడ్డి మొలుస్తుంది. అటు నాగరహొళె నుంచి, ఇటు బందీపూర్ నుంచి ఎండిన అడవి వదిలి ఏనుగులు ఆ గడ్డి కోసమే దిగివస్తాయి. ఆసియా ఏనుగులు అంత పెద్ద సంఖ్యలో ఒకచోట చేరే తావులు చాలా అరుదు. నీ కళ్లు చెమర్చాయన్నావు, అందులో తప్పేమీ లేదు, అది కళ్లు చెమర్చవలసిన దృశ్యమే. అయితే ఆ దృశ్యంలో మనిషి చెయ్యి అంగుళం అంగుళానా ఉంది. ఆనకట్ట కట్టిన చెయ్యి, అంతకుముందు అదే ఏనుగుల తాతముత్తాతలను అదే నదిలోంచి దొడ్డిలోకి తోలిన చెయ్యి, వేటను ఆపిన చెయ్యి, అడవిలో తరాలుగా తేనె తీసుకుని బతికిన జేనుకురుబలను అక్కడి నుంచి ఖాళీ చేయించిన చెయ్యి. వీటన్నిటినీ చెరిపేసి ‘చెయ్యి తగలని ప్రకృతి’ అంటే, అడవి కోసం ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు అక్కడ ఎప్పుడూ లేరని నీవు సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

నీ వ్యాసంలో నన్ను కదిలించినది కూడా ఒకటుంది. అటవీశాఖ ఏనుగులను ఉంచే బళ్లె శిబిరంలో ఏనుగుకు స్నానం చేయిస్తున్న ముసలాయన దాని చెవి వెనక రాయితో రుద్దుతూ ఏదో మాట్లాడుతున్నాడని, ఆ భాష నీకు తెలియలేదని, డ్రైవరు తొందరపెట్టడంతో వచ్చేశావని రాశావు. నీ వ్యాసం మొత్తంలో బతికి ఉన్నది ఆ చోటే. దానికి నీవు ఇచ్చినది ఒకే ఒక వాక్యం. దాని తరువాత పెద్దపులి కనిపించలేదన్న నిరాశకు పేజీ పైగా ఇచ్చావు.

ఆ శిబిరం పేరు నేనెందుకు మరచిపోలేనో చెబుతాను. అర్జున అనే ఏనుగు ఉండేది అక్కడే. 1968లో కాకనకోట ఖెడ్డాలో పట్టుబడింది. 2012 నుంచి 2019 వరకు ఎనిమిది దసరాలలో, సుమారు 750 కిలోల బంగారు అంబారీని మోసి మైసూరు వీధుల్లో జంబూ సవారీ అనే దసరా ఊరేగింపును నడిపించింది. ఒకప్పుడు ఆ అంబారీలో మహారాజు కూర్చునేవాడు, ఇప్పుడు చాముండేశ్వరి విగ్రహం కూర్చుంటుంది. అరవై ఏళ్లు దాటిన ఏనుగు మీద అంత బరువు పెట్టరాదన్న నియమం వల్ల అర్జున ఆ పని నుంచి తప్పుకుంది. 2023 డిసెంబరులో హాసన్ జిల్లాలో అడవి ఏనుగును పట్టే పనికి తీసుకెళ్లినప్పుడు, ఒక అడవి మగ ఏనుగుతో పోరాడి అక్కడే చనిపోయింది. ఖెడ్డా, ప్యాలెస్, దసరా, శిబిరం, ఊళ్ల మీదికొస్తున్న ఏనుగులతో రైతుల గొడవ, ఇవన్నీ ఒకే ఒక ప్రాణి జీవితంలో ఇమిడి ఉన్నాయి. నీ మూడు రోజుల యాత్రకు అంతకంటే గట్టి దారం మరొకటి దొరకదు. నీవు ఆ దారం మీద కాలు పెట్టి నడిచివెళ్లి, దాన్ని వదిలేసి, ఒక రోజుకు ‘రాజసం’ అని, మరో రోజుకు ‘అరణ్యం’ అని ఉపశీర్షికలు పెట్టుకున్నావు.

అలా ముక్కలు చెయ్యడం నీకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. నా వయసు సంపాదకులు నేర్పారు. ఉద్యోగం చేస్తూ సెలవులు కూడబెట్టుకుని తిరిగే రోజుల్లో, జీపుకు డబ్బు లేక మైసూరు నుంచి హెగ్గడదేవనకోటె వరకు బస్సులో వెళ్లి, అక్కడి నుంచి దొరికిన బండి ఎక్కి, అడవి అంచున ఉన్న ఒక హాడిలో, అంటే గిరిజనుల పల్లెలో, ఖెడ్డాలో పనిచేసిన వృద్ధుడి దగ్గర కూర్చున్నాను. ఆయనకు నా భాష రాదు, నాకు ఆయన భాష రాదు, మధ్యలో కన్నడం వచ్చిన ఒక కుర్రవాడు ఓపికగా అటూ ఇటూ మాట చేరవేశాడు. ఖెడ్డా ఎంత గొప్పగా జరిగేదో చెబుతాడని నేను ఎదురుచూశాను. ఆయన మాత్రం ఆ సాయంత్రమంతా పట్టుబడిన తరువాత మేత ముట్టని ఒక ఆడ ఏనుగు గురించే చెప్పాడు. దాని పక్కన తాను రాత్రిళ్లు ఎలా కూర్చున్నాడో, పాడితే వినేదో లేదో తెలియకుండానే ఎలా పాడాడో, చివరికి అది చెరకు ముక్క అందుకున్నప్పుడు తోటివాళ్లంతా ఎలా కేక వేశారో చెప్పాడు. నేను ప్యాలెస్ అంబారీతో మొదలుపెట్టి ఆయన పాటతో ముగిసే వ్యాసం రాశాను.

దాన్ని ఒక పత్రికకు పంపితే, అక్కడి సంపాదకుడు ప్యాలెస్ భాగాన్ని పర్యాటకం పేజీలోనూ, ఏనుగు భాగాన్ని కొన్ని వారాల తరువాత పర్యావరణం పేజీలోనూ వేశాడు. వృద్ధుడి సంగతి రెండింటిలోనూ లేదు. ‘పాఠకులకు ఎక్కడ ఉండాలి, ఎంత ఖర్చవుతుంది అన్నదే కావాలి’ అని జవాబు వచ్చింది. పెద్దపులి బొమ్మ ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి పైన వేశారు. నా వ్యాసంలో పులే లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా కోరుకోను. ఒక వాస్తవాన్ని అరలుగా కోసి అమ్మే అలవాటు అక్కడే మొదలైంది. నీ తరం వాళ్లు సంపాదకుడు లేకపోయినా ఆ కత్తెర తామే పట్టుకుని రాస్తున్నారు.

పులి కనిపించలేదన్న దుఃఖం గురించి ఒక మాట. నీవు ఉదయం సఫారీలో రేచుకుక్కల గుంపును చూశానని అర వాక్యంలో రాశావు. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల్లో రేచుకుక్క ఒకటి. అది గుంపుగా దుప్పిని తరిమే తీరు చూసినవాళ్లు తక్కువ. చెట్టు మీది కొండముచ్చు హెచ్చరిక అరుపు వినగానే గైడు బండి ఆపించి ఇంజను కట్టేయించాడని కూడా నీవే రాశావు. ఆ కొన్ని నిమిషాలు ఎవరు ఎటు చూశారు, దుప్పులు ఏ వైపు మొహం పెట్టి నిలబడ్డాయి, గైడు ముఖంలో ఏం కనిపించింది? ఇవి రాస్తే పులి రాకపోయినా అడవి వస్తుంది. పులి ఫోటో లేనిదే వ్యాసం లేదనే ఫ్యాషన్ వల్ల ఇన్ని జీపులు ఒకే మలుపులో గుమిగూడి దుమ్ము లేపుతున్నాయి. కలం పట్టినవాళ్లు ఆ రద్దీకి మరో జీపును చేర్చకూడదు.

మైసూరులోనే వాన్ ఇంగెన్ కుటుంబపు శాల ఉండేదని నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మహారాజులు, దొరలు చంపిన పులుల, చిరుతల చర్మాలను కాగితపు గుజ్జుతో చేసిన అచ్చుల మీద తొడిగి, గాజుకళ్లు పెట్టి, నోరు తెరిచి గర్జిస్తున్నట్టు తయారుచేసిన చోటు అది. 1999లో మూతపడింది. పులి ఎదురుపడాలన్న ఆ పాత ఆకలికీ ఇప్పటి మన ఆకలికీ ఎంత దగ్గరి చుట్టరికం ఉందో ఆలోచించి చూడు. నీ వ్యాసంలో ఒక పేరాకు చోటుంటే అది ఇక్కడ ఖర్చుపెట్టు.

మూడో రోజున బందీపూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది దాటిందని బండి ఆపేశారని ఫిర్యాదు చేశావు. 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు వరకు ఆ రోడ్డు మీద వాహనాలు నిషిద్ధం. చక్రాల కింద పడి చచ్చిన జంతువుల వల్ల వచ్చిన ఆంక్ష అది. 1931లో సుమారు 90 చదరపు కిలోమీటర్లతో మైసూరు మహారాజు అభయారణ్యంగా ప్రకటించి, పదేళ్ల తరువాత గోపాలస్వామి బెట్ట అనే కొండ మీది దేవుడి పేరుతో వేణుగోపాల వన్యప్రాణి ఉద్యానంగా పెంచిన అడవి, 1973లో పులుల సంరక్షణ పథకం మొదటి తొమ్మిది అడవుల్లో చేరింది. వేటాడిన వంశమే కాపాడింది కూడా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయగలిగితే రాజును పొగడవలసిన పని గాని, తిట్టవలసిన పని గాని నీకు ఉండదు.

దసరా సమయంలో వెళ్లమని నీకు నా సలహా. శిబిరాల నుంచి ఏనుగులతో పాటు మావటీలు, వాళ్ల సహాయకులైన కావాడీలు, భార్యాపిల్లలు అంతా వచ్చి ప్యాలెస్ ఆవరణలోనే గుడారాలు వేసుకుంటారు. ఊరేగింపుకు ముందు ఏనుగుల వీపు మీద ఇసుక బస్తాలు వేసి నడిపించి అలవాటు చేస్తారు. వాళ్లలో చాలామంది జేనుకురుబలే. రాజమందిరం ప్రాంగణంలో అడవి సంసారం చేస్తూ కనిపించే ఆ కొద్ది వారాలలో, టికెట్టు కొని లోపలికి వెళ్లే జనంలో ఎంతమంది ఆ గుడారాల వైపు తిరిగి చూస్తారో నీవే గమనించు. ఈ ఉత్సవం 1610లో శ్రీరంగపట్నంలో మైసూరు పాలకుడు రాజ ఒడెయరు మొదలుపెట్టినది, విజయనగరపు మహానవమికి వారసురాలు. హంపిలో మహానవమి దిబ్బ ఎక్కిన తెలుగువాళ్లకు ఈ సంగతి చెబితే నీ వ్యాసం వాళ్లకు మరింత దగ్గరవుతుంది.

‘నేను’ అని రాయవచ్చా అని అడిగావు. రాయవచ్చు, ఆ నేను ఏదైనా చూస్తున్నంతసేపు రాయవచ్చు. తన అలసటను, తన హోటలు గదిని, తన నిరాశను చూపించుకోవడం మొదలుపెట్టగానే కొట్టెయ్యి. ప్రచురణకర్తల గురించి నీవు అడిగినవాటికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడున్న వ్యాసాన్ని దిద్దే ప్రయత్నం చెయ్యకు, మళ్లీ మొదటి నుంచి రాయి. ఉపశీర్షికలు, రోజుల లెక్క తీసెయ్యి. అర్జున పట్టుబడిన కాకనకోట దగ్గర మొదలుపెట్టి, అంబారీ మీదుగా ప్యాలెస్ లోపలికి వెళ్లు. బస, ఖర్చు వివరాలు ఎవరైనా అడిగితే చివర వేరుగా ఇవ్వు, కథనం మధ్యలో దూర్చకు. వీలైతే రాయడానికి ముందు బళ్లెకు మళ్లీ వెళ్లు, ఈసారి డ్రైవరును పంపించేసి, కన్నడం వచ్చినవాళ్లను ఎవరినైనా వెంట తీసుకెళ్లు. ఆ పెద్దాయన ఏనుగుతో ఏమంటున్నాడో అడుగు. ఆయన చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకు, చెబితే మాత్రం ఆయన మాటను ఆయన మాటగానే రాయి, నీ పొగడ్త కలపకు. కొత్త ప్రతి తయారయ్యాక నాకు పంపు, చదివి వెంటనే జవాబు రాస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి