రిమ్ బ్రేకుల సైకిల్, గేర్లు సరిగా పడట్లేదు, డీఐ2కి (షిమానో ఎలక్ట్రానిక్ గేర్లకి) మారాలా?

మీ సైకిల్‌కి 11 స్పీడ్ షిమానో 105 మెకానికల్ (కేబుల్‌తో నడిచే గేర్లు), రిమ్ బ్రేకులు ఉన్నాయన్నారు, నంది హిల్స్ ఎక్కేటప్పుడు గేర్లు తడబడుతున్నాయి, ఎలక్ట్రానిక్ వేయిస్తే పోతుందా అని అడిగారు. అది వేయించే ముందు ఒకసారి హ్యాంగర్ చూపించండి, అంటే గేర్లు మార్చే వెనక డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే చిన్న లోహపు ముక్క.

ఎలక్ట్రానిక్‌లో కేబుల్ చేసే పని మోటార్ చేస్తుంది, అంతకుమించి మాయ ఏమీ లేదు. బటన్ నొక్కగానే డిరైలర్ ముందే సెట్ చేసిన చోటికి వెళ్లి ఆగుతుంది, కానీ అది వేలాడే హ్యాంగరే వంగి ఉంటే ఆ చోటే తప్పు అవుతుంది కదా. నాది డీఐ2నే. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎవరి స్కూటరో తగిలి సైకిల్ కుడివైపు పడింది. ఆ తర్వాత యాప్‌లో ఎంత సర్దినా చిన్న కాగ్‌ల (వెనక పళ్ల చక్రాల) మీద బాగుంటే పెద్దవాటి మీద గరగర, పెద్దవి సరిచేస్తే చిన్నవి గోల. మెకానిక్ గేజ్ పెట్టి హ్యాంగర్ తిన్నగా చేశాకే నోరు మూసింది.

ఇంకో చిక్కు, 2022లో వచ్చిన 105 డీఐ2 డిస్క్ బ్రేకులకే. రిమ్ బ్రేకులతో 12 స్పీడ్ డీఐ2 కావాలంటే షిమానోలోనే 105 కంటే పై మోడళ్లయిన అల్టెగ్రా, డ్యూరా-ఏస్ లీవర్లే దిక్కు, ఆ ధరకి ఇంకో సైకిల్ గురించి ఆలోచించొచ్చు. అందుకే మీరు ఇప్పటికి కేబుళ్లు, హౌసింగ్ (కేబుల్ పై తొడుగు) కొత్తవి వేయించి హ్యాంగర్ సరిచేయించుకోండి చాలు.

రేపు డిస్క్ బ్రేకుల ఫ్రేమ్ కొంటే మాత్రం, ముఖ్యంగా కేబుళ్లన్నీ హ్యాండిల్‌బార్, హెడ్‌సెట్ లోపలి నుంచి వెళ్లేదైతే, కళ్లు మూసుకుని ఎలక్ట్రానిక్ తీసుకోండి. ఆ ఇరుకు మలుపుల్లో గేర్ కేబుల్ బిగుసుకుంటుంది, మన దుమ్ముకీ వానకీ ఇంకా త్వరగా, మార్చాలంటే ముందు భాగమంతా విప్పాలి. పైగా నంది పైన ఊపిరి అందనప్పుడు ముందు చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) ఒక్క బటన్‌తో దిగుతుంటే ఆ సుఖమే వేరు!

బ్యాటరీ గురించి అందరూ పడేంత టెన్షన్ అక్కర్లేదు. షిమానోలో ఛార్జ్ తగ్గితే ముందు డిరైలర్ మొదట ఆగిపోతుంది, వెనకది ఇంకొంతసేపు పనిచేస్తుంది కాబట్టి ఇంటికి చేరొచ్చు. ఇంకో కంపెనీ శ్రామ్ ఎలక్ట్రానిక్ గేర్లలో రెండు డిరైలర్లకీ ఒకే రకం బ్యాటరీ, వెనకది అయిపోతే ముందుదాన్ని తీసి పెట్టేయొచ్చు. అన్నట్టు, 105 డీఐ2 లీవర్లలో వేరే బిళ్ల బ్యాటరీలుంటాయి, సీఆర్1632, అవి సీఆర్2032లా ప్రతి కొట్లో దొరకవు, ఒక జత సీటు బ్యాగులో పడేసి ఉంచండి.