తోచినట్టు నడిస్తే సైకోజియోగ్రఫీ అయిపోతుందా?

గమ్యం లేకుండా ఊరంతా తిరిగినా ఫోటోలు తప్ప ఏమీ మిగల్లేదని, పుస్తకాల్లో, సినిమాల్లో చూపే సైకోజియోగ్రఫీ (ఊళ్లోని చోట్లు మన మనసు మీద చూపే ప్రభావాన్ని గమనించడం) ఇదేనా అని అడిగారు. ఇది కాదు. తోచినట్టు నడిస్తే కాళ్లు అలవాటైన చోటికే లాగుతాయి. ఫ్రెంచ్ రచయిత గీ దెబోర్ 1956లో డెరీవ్ (చోట్లు ఎటు లాగితే అటు ఊళ్లో సాగే నడక) గురించి రాసినప్పుడే ఈ మాట చెప్పాడు: అంతా యాదృచ్ఛికానికి వదిలేస్తే కొత్త చోట కూడా కాసేపటికి రెండు మూడు దారుల్లోనే తిరుగుతుంటాం. 1924లో నలుగురు సర్రియలిస్టులు (కలల్నీ అచేతన మనసునీ నమ్ముకున్న రచయితలు) గమ్యం లేకుండా పల్లెపట్టున తిరిగి భంగపడ్డ సంగతీ అందులోనే ఉంది.

కాబట్టి ముందు ఒక నియమం పెట్టుకోండి. కాగితం మ్యాపు మీద గ్లాసు బోర్లించి గీత గీయండి, ఆ గీతకి దగ్గరగా ఉన్న వీధుల్లోనే నడవండి. వృత్తం వ్యాసం కిలోమీటరు ఉంటే చాలు. వీధులు గుండ్రంగా వంగవు గనక నడక నాలుగు కిలోమీటర్ల దాకా తేలుతుంది. ఫోను దారి చూపిస్తే దగ్గరిదారే చూపిస్తుంది, జేబులో పెట్టేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మేలు, కానీ నడిచేటప్పుడు ఎవరి నోట్సు వాళ్లదే. తర్వాత పోల్చి చూస్తే ఏది మీ మూడ్, ఏది ఆ వీధి గుణం అన్నది విడిపోతుంది.

ఏం రాయాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. "ప్రశాంతంగా ఉంది" అని రాస్తే తర్వాత ఎందుకూ పనికిరాదు. వాతావరణం, అంటే ఆ చోటు కలిగించే అనుభూతి, మారిన చోట మ్యాపు మీద అడ్డగీత పెట్టి, టైము వేసి, కారణం రాయండి: రోడ్డు ఇరుకైందా, నీడ పోయిందా, చప్పుడు ఆగిందా, గోడ ఎత్తు పెరిగిందా. ఇంటికొచ్చాక మ్యాపు జిరాక్సు తీసి, ఒకే వాతావరణం ఉన్న ముక్కల్ని కత్తిరించండి. ఏమీ అనిపించని భాగాలు పారేయండి. మిగిలిన ముక్కల మధ్య, మీరు ఎటు లాగబడ్డారో అటు బాణాలు గీయండి. దెబోర్ 1957 నాటి 'నేకెడ్ సిటీ' ఇలా చేసిందే: పారిస్ మ్యాపు ముక్కలు 19, మధ్యలో ఎర్ర బాణాలు, దూరాలకి స్కేలు లేదు.

నడవలేకపోతే కూర్చోండి. ఫ్రెంచ్ రచయిత జార్జ్ పెరెక్ 1974 అక్టోబరులో మూడు రోజులు పారిస్‌లోని సెయింట్ సల్పీస్ కూడలిలో కూర్చుని బస్సులు, పావురాలు కూడా వదలకుండా రాశాడు. వీడియో తీసేవాళ్లు పాట్రిక్ కీలర్ తీసిన 'లండన్' (1994) సినిమా చూడాలి: కదలని కెమెరా, కనిపించని కథకుడు. చేత్తో ఊపుతూ తీసిన షాట్లలో ఊరికంటే తీసినవాడే ఎక్కువ కనబడతాడు.

ఊరి బయట నడవాలంటే వృత్తం పనిచేయదు, అక్కడ దారులే తక్కువ. కాలవ, రైలుపట్టా, హైవే లాంటి ఒక గీత పక్కనే సాగిపోండి. బ్రిటిష్ రచయిత ఇయాన్ సింక్లెయిర్ లండన్ చుట్టూ ఉన్న ఎం25 మోటార్‌వే వెంట నడిచింది ఈ పద్ధతిలోనే.